నల్ల తెర మీద తెలుగు ఆశ, కీబోర్డ్ తంటా: నాలుగేళ్ల డెబియన్

హన్మకొండలో మా జిరాక్స్ షాపులో పాత కంప్యూటర్ ఒకటి నాలుగేళ్లుగా డెబియన్ మీద నడుస్తోంది. విండోస్ లాగే అదీ కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, లైనక్స్‌లో ఒక రకం. డెస్క్‌టాప్ బాగానే ఉంది, దాని గురించి అందరూ రాస్తారు. నేను చెప్పేది కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే వచ్చే నల్ల తెర సంగతి. బొమ్మలు, మౌస్ లేకుండా కమాండ్లు టైప్ చేసే ఆ తెరనే కన్సోల్ అంటారు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తొందరలో బ్రిటిష్ కీబోర్డ్ ఎంచుకున్నా. మన దగ్గర దొరికేవి దాదాపు అన్నీ అమెరికన్ అమరికవే. డెస్క్‌టాప్ సెట్టింగుల్లో సరిచేసి, పాస్‌వర్డ్ కూడా మార్చి, ఆ ముచ్చటే మరిచిపోయా. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక డెస్క్‌టాప్ రాలేదు. నల్ల తెరే మిగిలింది. షాపు నుంచి మా కుర్రాడి ఫోన్: "అన్నా, పాస్‌వర్డ్ తీసుకుంటలేదు." ఆ పాస్‌వర్డ్‌లో ఎట్ (@) అనే గుర్తు ఉంది. పాస్‌వర్డ్ కొడితే తెర మీద ఏమీ కనబడదు కాబట్టి, పేరు అడిగే చోట షిఫ్ట్‌తో 2 నొక్కి చూడమన్నా. డబుల్ కోట్ పడిందట! అంటే నల్ల తెరకు ఇంకా బ్రిటిష్ అమరికే ఉంది. షిఫ్ట్‌తో కోట్ కీ నొక్కితే ఎట్ వచ్చింది, లోపలికి వెళ్లాడు.

లోడ్‌కీస్ అనే కమాండ్‌తో అమరిక మారిస్తే రీబూట్ దాకే. డీపీకేజీ రీకాన్ఫిగర్ అనే కమాండ్‌తో కీబోర్డ్ కాన్ఫిగరేషన్ మారిస్తేనే ప్రతిసారీ మొదట్లోనే పడుతుంది. డిస్క్‌కు తాళం వేసుకున్నవాళ్లు ఆ తర్వాత ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (కంప్యూటర్ మొదలవగానే ముందుగా లోడయ్యే చిన్న ఫైల్) కూడా అప్‌డేట్ చేయాలి, లేదంటే తాళం అడిగే చోట పాత అమరికే ఉంటుంది. ఫెడోరా అనే మరో లైనక్స్‌లో, డిస్క్‌కు తాళం లేకపోతే, లొకేల్‌సీటీఎల్ అనే ఒక్క కమాండ్‌తో పని అయిపోతుంది. ఆ సుఖం చూసి కాస్త కుళ్లుకున్నా.

తెలుగు మాత్రం నిరాశే. భాషను తెలుగు చేసి రీబూట్ చేశా. డెస్క్‌టాప్‌లో ముచ్చటగా ఉంది. నల్ల తెర మీద డేట్ అని కొడితే అంకెలు వచ్చాయి, వారం, నెల పేర్ల చోట డబ్బాలు. ఆ కన్సోల్ ఫాంట్‌లో మహా అయితే 512 గుర్తులే పడతాయి, పైగా గుణింతాలు, ఒత్తులు కలిపే పని ఆ తెరను నడిపే కెర్నల్ (లైనక్స్ మూల భాగం) చేయదు. ఏ ఫాంట్ పెట్టినా ఫలితం లేదు. అందుకే లాగిన్ అయినప్పుడు నడిచే ప్రొఫైల్ ఫైల్‌లో రెండు లైన్లు రాసి, టెర్మినల్ రకం "లైనక్స్" అయితే, అంటే ఈ నల్ల తెర అయితే, భాష ఇంగ్లిష్‌కు మారేలా పెట్టుకున్నా. అప్పటి నుంచి ఆ టెన్షన్ లేదు.

కన్సోల్ సెటప్‌లో టెర్మినస్ అనే ఫాంట్, 16x32 సైజు పెట్టడం నాకు బాగా నచ్చిన మార్పు. కళ్లద్దాలు తీసినా చదవగలుగుతున్నా.

మా కుర్రాడు మాత్రం ఇప్పటికీ పేరు కొట్టే చోట ముందు ఒక ఎట్ కొట్టి చూసి, చెరిపేసి, అప్పుడే లాగిన్ అవుతాడు.