తొమ్మిదేళ్ల యాంప్లిఫయర్, రెండుసార్లు మూగబోయిన కుడి ఛానెల్

2016 సంక్రాంతికి ముందు తీసుకున్నాను. బ్రాండుది కాదు, అసెంబుల్ చేయించింది. ఛానెల్‌కి రెండు జతల 5200, 1943 ట్రాన్సిస్టర్లు, 40-0-40 ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్. 8 ఓమ్స్ స్పీకర్ బాక్సుల మీద ఛానెల్‌కి 150 వాట్ల దాకా శుభ్రంగా ఇస్తుంది. మాది సఖినేటిపల్లి. ఇంట్లో రోజూ పాటలకీ, చుట్టాలిళ్లలో ఓణీల ఫంక్షన్లకీ, చవితి పందిట్లోకీ ఇదే. సౌండ్ గురించి చెప్పుకోడానికి పెద్దగా లేదు: డోలు దెబ్బ గట్టిగా తగులుతుంది, సన్నాయి చెవిలో గుచ్చుకోదు. చెప్పాల్సిందంతా కుడి ఛానెల్ గురించే.

మొదటిసారి నాలుగో ఏడాది వానాకాలంలో పోయింది. ఎడమ బాక్సు పాడుతోంది, కుడిది ఉలుకూ పలుకూ లేదు. ఆన్ చేశాక రెండు రిలేలూ (లోపలి సౌండుని బాక్సుకి కలిపే స్విచ్చులు, ఛానెల్‌కొకటి) టక్‌మన్నాయి, ప్రొటెక్షన్ ఎర్రలైటు ఆరింది. బాక్సు వైర్లు అటుదిటు మార్చాను, కుడి బాక్సు నిక్షేపంలా పాడింది. ఇన్‌పుట్ పిన్నులు మార్చినా కుడి ఛానెల్ మూగే. విచిత్రమేంటంటే వాల్యూమ్ బాగా పెంచితే గరగరమని ఒక్కసారిగా వచ్చేసేది. పైన పిడికిలితో ఒకటి వేసినా వచ్చేది. మా ఇంట్లో అదే రిపేరనుకుని నెలరోజులు గుద్దుతూనే గడిపేశాం.

చివరికి పంటు మీద గోదావరి దాటించి నరసాపురంలో చూపించాను. "ఆయ్, ఔట్‌పుట్ పోయిందండి. బోర్డు మొత్తం మార్చేయాలి" అన్నారు. "పోయిన బోర్డు వాల్యూమ్ పెంచితే ఎలా పాడుతుందండి?" అంటే జవాబు లేదు. పదిహేను కిలోల బరువు మళ్లీ పంటెక్కించుకుని ఇంటికొచ్చాను.

మూత విప్పాను. రిలేకి ముందు డీసీ చూస్తే 14 మిల్లీఓల్టులు. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతే అక్కడ పదుల ఓల్టులు ఉండాలి, అప్పుడు రిలే అసలు కొట్టుకోదు కూడా. ఫోన్లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టి మీటరు ఏసీలోకి తిప్పాను. రిలేకి ముందు 1.6 ఓల్టులు, రిలే దాటాక సున్నా. దొంగ దొరికాడు. రిలే ప్లాస్టిక్ డొప్ప లాగి చూస్తే, వెండిలా మెరవాల్సిన కాంటాక్టులు పెనం అడుగులా నల్లబడి ఉన్నాయి.

మాకు సముద్రం దగ్గర. ఇనప గేటే రెండేళ్లు ఆగదు, ఇక కాంటాక్టులెంత. పైగా అసెంబుల్ చేసినాయన ఫ్యాను వెనకనుంచి గాలి పీల్చేలా పెట్టి, రిలేలని సరిగ్గా ఆ గాలికి ఎదురుగా బిగించాడు. దీని డిజైన్‌లో నాకు నచ్చని మొదటి సంగతి ఇదే. విజిటింగ్ కార్డు సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, కాంటాక్టుల మధ్య నాలుగైదుసార్లు లాగితే నలుపంతా కార్డుకి అంటింది. గరుకు కాగితం మాత్రం పెట్టొద్దు, పూత లేచిపోతుంది. ఏడెనిమిది నెలలు పాడి మళ్లీ మొరాయించడంతో, పూర్తిగా సీలు వేసిన 24 ఓల్టుల రిలే వేశాను. ఆ తర్వాత రిలే వల్ల ఇబ్బంది రాలేదు. అన్నట్టు, మూత విప్పేముందు ప్లగ్గు పీకేస్తే చాలదు. కెపాసిటర్లలో ప్లస్ 55, మైనస్ 55 ఓల్టులు నిలబడే ఉంటుంది. నేను బల్బు పెట్టి దించేస్తాను.

రెండోసారిది నిజంగా పోవడమే. మేనకోడలి పెళ్లిలో ఎవరో కుర్రాడు బాక్సు వైరు హడావిడిగా బిగించాడు, ఒక్క పోగు పక్క టెర్మినల్‌కి తగిలింది. కుడి ఫ్యూజులు రెండూ ఎగిరిపోయాయి, కాలిన వాసన. మీటరులో ఓ 5200, ఓ 1943 అటూ ఇటూ షార్టు చూపించాయి. తెల్ల 0.22 ఓమ్స్ రెసిస్టర్లు రెండు తెగిపోయాయి. నాలుగు ట్రాన్సిస్టర్లూ మార్చాను, చవగ్గా దొరికాయని సంబరపడ్డాను. ఒక్క సాయంత్రం పాడాయి. ఒకటి పగలగొట్టి చూస్తే లోపల చిప్పు నువ్వుగింజంత ఉంది, నకిలీ సరుకు! ఈసారి రెట్టింపు ధర పెట్టి అసలువి తెప్పించాను. ముందు 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బు కరెంటు లైనుకి సిరీస్‌లో పెట్టి ఆన్ చేశాను. భగ్గున వెలిగి మెల్లగా మసకబారింది. అలాగే వెలుగుతూ ఉండిపోయుంటే ఇంకా ఎక్కడో షార్టున్నట్టే.

నచ్చని రెండో సంగతి, 63 ఓల్టుల కెపాసిటర్లు. మా వీధిలో అర్ధరాత్రి దాటితే కరెంటు 250 ఓల్టులకి ఎక్కుతుంది, అప్పుడు ఈ కెపాసిటర్ల మీద 60 దాటుతుంది. 80 ఓల్టులవి వేసి ఉండాల్సింది. అయినా ఎవరైనా అడిగితే ఇలాంటిదే తీసుకోమంటాను. ప్రతి పార్టూ చేతికి అందుతుంది, చిప్పులు అతికేసిన కొత్తవాటిలో ఈ సుఖం లేదు. ఎడమ ఛానెల్‌కి ఇప్పటికీ పాత రిలేనే. మొన్న తుపాను ముసురులో అది కూడా ఒకసారి గరగరమంది.