గేర్ సైకిల్‌కి వెనక క్యారియర్: మైపాడు నైట్ క్యాంపింగ్‌కి పనికొస్తదా?

నెల్లూరు నించి మైపాడు బీచ్ పాతిక కిలోమీటర్లు, రోడ్డంతా చదునే, సాయంత్రం బయల్దేరి రాత్రికి అక్కడ ఎవరన్నా తెలిసినోళ్ళ సరుగుడు తోటలో టెంట్ వేసుకుని పడుకుని పొద్దున్నే వచ్చేద్దాం అనుకునేవాళ్ళు ఈ మధ్య మావాళ్ళలో బాగా ఎక్కువయ్యారు. అందరూ అడిగేది ఒకటే, టెంట్ ఏది కొనాలి అని. టెంట్ సంగతి తర్వాత, ముందు దాన్ని సైకిల్ మీద యాడ పెడతారో చూసుకోండి. బరువు బ్యాగు వీపుకి తగిలించుకుని తొక్కితే ఇందుకూరుపేట చేరేసరికే చొక్కా పిండుకోవచ్చు, భుజాలు పీకుతయ్, బరువంతా సీటు మీద పడి కూర్చోలేరు. అందుకే ఈ రివ్యూ క్యారియర్ గురించి.

నేను తీసుకుంది ఆన్‌లైన్‌లో దొరికే మామూలు అల్యూమినియంది, పన్నెండొందల చిల్లర పడింది. బ్రాండ్ ఏందని అడగొద్దు, డబ్బా మీదే లేదు, 25 కేజీలు అని ఒక స్టిక్కర్ మాత్రం ఉంది. ఇంట్లో బియ్యం బస్తా తెమ్మంటారేమో అనుకున్నా కానీ ఇప్పుడు బస్తాలు 26 కేజీలవి వస్తన్నయ్ కదా, ఒక్క కేజీలో బతికిపోయా.

కొనే ముందు చూడాల్సింది ధర కాదు, మీ ఫ్రేమ్‌కి వెనక చక్రం ఇరుసు పైన రెండు పక్కలా ఒక్కో కన్నం, సీటు కింద రాడ్లకి ఇంకో రెండు కన్నాలు ఉన్నాయా లేదా అనేది. నాలుగు చోట్ల బోల్టు పడితేనే అది క్యారియర్. కన్నాలు లేని సైకిల్‌కి సీటు రాడ్డుకి మాత్రమే బిగించేవి అమ్ముతారు, వాటి మీద తొమ్మిది పది కేజీల కంటే పెట్టొద్దంటారు, పైగా గుంట వచ్చినప్పుడల్లా అటూ ఇటూ తిరుగుద్ది. దానికంటే ఫ్రేమ్ రాడ్లకి రబ్బరు వేసి బిగించే క్లాంపులతో మామూలు క్యారియరే పెట్టుకోవడం నయం. డిస్క్ బ్రేక్ ఉంటే ఇంకో తిరకాసు, బ్రేకు డబ్బా క్యారియర్ ఎడం పక్క కాలుకి అడ్డమొస్తది, బుష్ వేసి కాస్త బయటికి జరిపి బిగించాల. నా దానికి అట్టే చేశారు.

బిగించింది నెల్లూరులోనే ఆత్మకూరు బస్టాండు వైపు ఒక పాత సైకిల్ షాపు పెద్దాయన. డబ్బాలో వచ్చిన బోల్టులు అరచేతిలో వేసుకుని ఒకసారి చూసి "అబ్బయ్యా, ఇయ్యి బిగిస్తే రెండు గుంటలు దిగేసరికి రోడ్డు మీద ఏరుకోవాల" అని పక్కన పడేశాడు. స్టెయిన్‌లెస్ బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు, లోపల ప్లాస్టిక్ రింగుండే లాక్ నట్లు వేశాడు, మొత్తం ఖర్చు టీ టిఫిన్ అంత కూడా కాలేదు. ఒక్కచోట మాత్రం కొలత కుదరక డబ్బాలో వచ్చిన బోల్టే ఉంచాడు. మైపాడు నించి వచ్చాక చూస్తే పెద్దాయన వేసినవి మూడూ తళతళలాడతన్నయ్, ఆ ఒక్కదాని తల చుట్టూ నారింజ రంగులో తుప్పు ఉంగరంలా పట్టుంది. సముద్రం గాలికి అల్యూమినియం తట్టుకుంది, చౌక బోల్టు తట్టుకోలేదు. కంపెనీవాడు ఇంకో యాభై రూపాయలు ఎక్కువ తీసుకుని మంచి బోల్టులు ఇస్తే ఏం పోయేది?

బరువు విషయానికొస్తే పది కేజీల పైన వేసినా ఊగలేదు. నీళ్ళ బాటిళ్ళు చెరో పక్క రెండేసి లీటర్లు అడుగున, బట్టలు వాటి మీద, టెంట్ మాత్రం పైన, సైకిల్ పొడుగు వాటాన. అడ్డంగా కట్టారనుకోండి సాయంత్రం సముద్రం గాలి ఎదురుగానే కొడతది, తెరచాప కట్టుకుని తొక్కినట్టు ఉంటది. కొక్కేలుండే రబ్బరు తాళ్ళు నాకు నచ్చవు, జారితే కంటికే తగుల్తయ్, పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా చీల్చి కడితే అస్సలు జారదు, షాపులో అడిగితే ఊరికే ఇస్తారు. పక్క బ్యాగులు ఆన్‌లైన్‌లో చూస్తే క్యారియర్‌కి రెండింతల రేటు, అందుకని బైకు సీటు కవర్లు కుట్టే అతని దగ్గర టార్పాలిన్‌తో కుట్టించా, వాన సంగతి తెలీదు గానీ మంచుకి లోపల బట్టలు తడవలేదు. వాటిని వీలైనంత వెనక్కి తగిలించండి, లేకపోతే తొక్కేటప్పుడు ప్రతి చుట్టుకీ మడమ తగుల్తది, నాది పది నంబరు కాలు, ముందుకి పెడితే టక్ టక్ మని మోతే మోత.

వెనక చివర లైటు బిగించుకోను చిన్న రేకు ఇచ్చాడు, నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది అదే. సీటు రాడ్డుకుండే లైటు బ్యాగులు కట్టాక కనపడదు, చీకటి పడ్డాక ఆ రోడ్డులో రొయ్యల బండ్లు నీళ్ళు కార్చుకుంటా యమా స్పీడుగా వస్తయ్.

క్యారియర్ ఉంది కదా అని ఇంట్లో సామానంతా ఎక్కించొద్దు. పాతిక కిలోమీటర్లకి స్టవ్వూ గ్యాసూ దేనికి, రాత్రికి పులిహోర కట్టించుకుని పొద్దున టిఫిన్ దారిలో తినొచ్చు. దోమతెర ఉన్న టెంట్ మాత్రం తప్పనిసరి, చుట్టూ రొయ్యల గుంటలే కాబట్టి దోమలు పీక్కుతింటయ్. బరువంతా వెనక టైరు మీద పడుద్ది కాబట్టి దాంట్లో కాస్త ఎక్కువ గాలి ఉంచుకోండి, టైరు పక్కన ఎంతో రాసే ఉంటది, నా దాని మీద 40 నించి 65 పీఎస్ఐ (గాలి కొలత) అనుంది, 55 పెట్టించా. కార్లకుండే లాంటి లావు వాల్వయితే పెట్రోలు బంకులోనే కొట్టించుకోవచ్చు. తోటల దారుల్లో చిల్లకంప ముళ్ళుంటయ్, పంచర్ కిట్టూ ఒక ట్యూబూ వేసుకోండి, వాటితో పాటే క్యారియర్ బోల్టులకి పట్టే 4 నంబరు అలెన్ కీ.

ఇంట్లో నాన్నదో తాతదో ఇనప క్యారియరున్న పాత పెద్ద సైకిల్ ఉంటే ఇదంతా వదిలేయండి, పాలోళ్ళు రెండు క్యాన్లు కట్టుకుని రోజూ తిరిగేది దాని మీదే, నా దానికంటే అదే గట్టిది. గేర్ సైకిలున్నోళ్ళకి మాత్రం ఐదుకి నాలుగు ఇస్తా, ఆ ఒక్క మార్కు బోల్టులకి కోసేశా. వర్షాలయ్యాక జనవరి, ఫిబ్రవరిలో పోయేటట్టుంటే ఇప్పుడే కొనకండి, ముందు సైకిల్ తీసుకుపోయి కన్నాలు పెద్దాయన లాంటోళ్ళకి చూపించి కొలత రాసుకుని అప్పుడు ఆర్డర్ పెట్టండి.