సోల్ఫెరినోలో భోజనం, సరస్సు ఒడ్డున దోపిడీ

ఇటలీలో గార్డా సరస్సు ఒడ్డున దెజెన్‌జానోలో బస చేయాలనుకునేవారికి ముందుగా ఒక హెచ్చరిక. గది అద్దె రాత్రికి 95 యూరోలే కదా అని సంబరపడకండి. మేము దిగిన ఇంటి యజమాని తాళాలు చేతికివ్వకముందే పర్యాటక పన్ను అడిగాడు. అది అక్కడి నియమం, కాదనను. ఆ తర్వాత శుభ్రం చేసినందుకు 40, రాత్రి ఎనిమిది దాటాక వచ్చినందుకు మరో 20. గోడకు ఏసీ ఉంది, రిమోట్ లేదు. రిమోట్ కావాలంటే రోజుకు 10 యూరోలట! అసలే జూన్ ఉక్క. ఇవ్వనని నేను భీష్మించుకు కూర్చుంటే, మా ఆవిడ కిటికీలు తెరిచింది. దోమలు మాత్రం పైసా అడగకుండా వచ్చాయి. మిలన్‌లో చదువుకుంటున్న మా మేనల్లుడు ఇటాలియన్‌లో వాదనకు దిగాడు. యజమాని నవ్వుతూ ఫోనులో చీమతలకాయంత అక్షరాల షరతొకటి చూపించాడు. రశీదు రేపిస్తానన్నాడు. ఆ రేపు నేటికీ రాలేదు.

మేము వెళ్లింది సరస్సు కోసం కాదు. మా జిల్లా రెడ్‌క్రాస్ రక్తనిధిలో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ణి. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఫ్రెంచి ఆర్థికవేత్త ఫ్రెదరిక్ పాసీతో కలిసి అందుకున్న, రెడ్‌క్రాస్‌కు బీజం వేసిన హెన్రీ డ్యునాంట్ మనసు మారిన సోల్ఫెరినో ప్రాంతం చూడాలని కోరిక. అందరూ జెనీవాలోని రెడ్‌క్రాస్ మ్యూజియం చూసి తృప్తిపడతారు. నన్నడిగితే, డబ్బు ఒక్కచోటికే సరిపోయేలా ఉంటే ఇటే రండి.

సోల్ఫెరినోకు బస్సులు తక్కువ. టాక్సీకి 38 యూరోలు ఇచ్చాం. 1859 జూన్ 24న అక్కడ ఫ్రాన్స్, సార్డీనియా సేనలకూ ఆస్ట్రియా సేనకూ జరిగిన ఒక్కరోజు యుద్ధంలో దాదాపు 40 వేలమంది చనిపోవడమో గాయపడటమో జరిగింది. అస్థికల చర్చిలో గోడ పొడవునా వరుసలు వరుసలుగా పుర్రెలు. రెండు పక్షాలవారివీ కలిసే ఉన్నాయి. మా ఆవిడ సగంలోనే బయటికి వచ్చేసి, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆమెను మళ్లీ మాట్లాడించింది భోజనమే. అక్కడి వంటకం కపున్సేయ్: రొట్టెపొడి, జున్ను, గుడ్లు కలిపి చేసే చిన్న ఉండలు, పైన వెన్న, సేజ్ ఆకులు. పిండిని మాంసం రసంతో తడుపుతారని విని మేము వెనకాడితే, హోటల్ నడిపే పెద్దావిడ లోపలికి వెళ్లి కూరగాయల రసంతో మళ్లీ చేయించింది. అరగంట పట్టింది. ముగ్గురికీ నీళ్లతో సహా 47 యూరోలు, అదనంగా ఒక్క సెంటు లేదు. శాకాహారులు వెళ్లగానే ఈ రసం సంగతి అడగండి, గుడ్డు మాత్రం తప్పదు.

అక్కడినుంచి దగ్గరి ఊరు కాస్తిలియోనె దెల్లె స్తివియెరెకు వెళ్లాం. అల్జీరియాలో వ్యాపారం చేస్తున్న డ్యునాంట్, తన పని చక్కబెట్టుకోవడానికి ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్‌ను కలవాలని యుద్ధం నాడు ఇటు వచ్చాడు. తీరా చూస్తే ఊళ్లో చర్చిలన్నీ క్షతగాత్రులతో నిండి ఉన్నాయి. ఊరి ఆడవాళ్లు ఏ దేశం సైనికుడని చూడకుండా, అందరూ అన్నదమ్ములేనంటూ సేవ చేశారు. ఊరి పెద్ద చర్చి మెట్లమీద మేనల్లుడు, "మామయ్యా, ఆ అన్నదమ్ముల్లో మన యజమాని లేనట్టున్నాడు" అన్నాడు. మా ఆవిడ ఎట్టకేలకు నవ్వింది. పక్కనే ఉన్న రెడ్‌క్రాస్ మ్యూజియంలో గుర్రపు అంబులెన్సులు, స్ట్రెచర్లు, శస్త్రచికిత్స పనిముట్లు తీరిగ్గా చూడదగ్గవి. 1867లో దివాలా తీసిన డ్యునాంట్ చివరి 18 ఏళ్లు స్విట్జర్లాండ్‌లోని హైడెన్ ఆసుపత్రి గదిలో గడిపాడు. నోబెల్ సొమ్ము ముట్టుకోలేదు. ఆ ఊరి పేద రోగులకు ఒక మంచం ఎప్పుడూ ఉచితంగా ఉండేలా వీలునామా రాశాడు.

ఏటా జూన్‌లో సోల్ఫెరినో నుంచి కాస్తిలియోనెకు వేలమంది రెడ్‌క్రాస్ కార్యకర్తలు కాగడాలతో నడుస్తారు. ఆ రోజుల్లో వెళ్లేవారు గది చాలా ముందే పట్టుకోండి, అదీ కాస్తిలియోనెలోనే. ఏసీ అద్దెలో కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి.