బందులు లేని తలుపు: మా వంటింట్లో ఒక వడ్రంగి పనిపై సమీక్ష

మా వంటింటి గట్టు కింద, సింకుకూ ఫ్రిజ్‌కూ మధ్య, పద్దెనిమిది అంగుళాల వెడల్పున ఒక అర ఉంది. అందులో గిన్నెలు గానీ డబ్బాలు గానీ పెట్టము. మంచినీటి ఫిల్టరుకు వెళ్ళే గొట్టం, రెండు వాల్వులు, ఒక చిన్న పంపు, వాటికి ముందు బిగించిన, నీటిలోని మట్టిని వడపోసే పది అంగుళాల స్పన్ ఫిల్టరు గిన్నె మాత్రమే అక్కడ ఉంటాయి. ఏడాదికి నాలుగైదు సార్లు తప్ప ఆ అర తెరవవలసిన అవసరం రాదు. కానీ తెరిచిన రోజున మాత్రం మనిషి నేల మీద కూర్చుని రెండు చేతులూ భుజాల వరకు లోపల పెట్టవలసి వస్తుంది కనుక తలుపు పక్కకు తిరిగితే చాలదు, పూర్తిగా అడ్డు తొలగాలి. అటువంటి ఊడదీసే తలుపును రాజోలు ప్రాంతపు వడ్రంగి మేస్త్రి ఒకరు 2024 జూన్‌లో మాకు చేసి బిగించారు. రెండు వానాకాలాలు వాడి, తొమ్మిది సార్లు తీసి పెట్టిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఆ ఫిల్టరు మాకు ఎందుకు తప్పనిసరో గోదావరి దిగువన ఉండేవారికి వేరే చెప్పనక్కరలేదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. అందువల్ల కుళాయికి వచ్చేది కాలువ నీటిని చెరువులో నిలవచేసి, శుద్ధి చేసి పంపే నీరే. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు అడుగుకు దిగిన నీరు ఒక రంగులో, గోదావరికి ఎర్రనీరు వచ్చిన తరువాత మరొక రంగులో వస్తుంది. తెల్లటి స్పన్ ఫిల్టరు జూలై, ఆగస్టు నెలల్లో మూడు వారాలకే ఇటుక రంగుకు మారడం నేను చూశాను. కాబట్టి మా ఇంట్లో ఈ తలుపు తెరవడం గోదావరి వరదను బట్టి ఉంటుంది గాని కంపెనీవారు ఇచ్చే సర్వీసు తేదీలను బట్టి కాదు.

వంటింటి పని మొదట చేసిన మాడ్యులర్ కిచెన్ సంస్థవారు ఆ అరకు తలుపే పెట్టలేదు. పార్టికల్ బోర్డు ముక్క ఒకటి కోసి, ఆరు చెక్క స్క్రూలతో బిగించి, "అవసరమైనప్పుడు విప్పుకోండి" అని చెప్పి వెళ్ళారు. చెక్క స్క్రూ ఒకసారి బిగించి వదిలేయడానికి పనికివస్తుంది. విప్పి బిగించిన ప్రతిసారీ దాని మరలు కొత్త దారి కోసుకుని రంధ్రాన్ని పెద్దది చేస్తాయి. పార్టికల్ బోర్డులో ఇది మరింత త్వరగా జరుగుతుంది, ఎందుకంటే అందులో పట్టు ఇవ్వడానికి పేడులూ నారా ఉండవు, జిగురుతో అతికించిన చెక్క పొట్టు ఉంటుంది. నాలుగోసారికి మూడు స్క్రూలు ఊరికే తిరగసాగాయి. మా అత్తగారు వాటిలో అగ్గిపుల్లలు దూర్చి నెట్టుకువచ్చారు. మొదటి వానాకాలం ముగిసేసరికి నేల కడిగిన నీరు తగిలిన కింది అంచు నానిన అటుకుల్లా ఉబ్బింది. స్క్రూలతోనే బిగించాలనుకునేవారు చెక్కలో ఇత్తడి మరల గొట్టాన్ని శాశ్వతంగా దిగగొట్టి అందులోకి మిషన్ స్క్రూ వేయించుకోవాలి. అప్పుడు ఎన్నిసార్లు విప్పినా మర అరగదు. అయినా ఆరు స్క్రూలు విప్పడానికి స్క్రూడ్రైవరు వెతకడం, తీసిన స్క్రూలు గట్టు కిందికి దొర్లిపోవడం తప్పవు.

బందులు పెట్టించవచ్చు కదా అని అందరూ అడిగారు. అల్మరాలకు ఇప్పుడు వాడే గిన్నె బందుకు తలుపు వెనక 35 మి.మీ. వ్యాసం గల గుంత తవ్వాలి. దాని లోతు పన్నెండు మి.మీ. దాకా ఉంటుంది కనుక పలక కనీసం పదహారు మి.మీ. మందం ఉండాలి. హెట్టిక్, హాఫెలే, ఎబ్కో వంటి కంపెనీల బందుల్లో మీట నొక్కగానే తలుపుతో సహా ఊడివచ్చే రకం ఉంది, అది మంచి వస్తువే, మా పై అల్మరాలకు అదే వేయించాము. అయితే ఆ మీట బందు వెనక భాగాన ఉంటుంది. దానిని అందుకోవాలంటే ముందుగా తలుపు తెరవాలి. మా అర తలుపు రెండు అంగుళాలు తెరుచుకోగానే ఫ్రిజ్‌కు కొట్టుకుంటుంది. తలుపు తీయడానికి తలుపు తెరవాలి, తెరవడానికి ఫ్రిజ్ జరపాలి అన్నప్పుడు, ఊడివచ్చే బందుకు పెట్టే డబ్బు దండగ.

అయస్కాంతాల సంగతి మేస్త్రి గారి దగ్గరకు వెళ్ళక ముందే నేను స్వయంగా పరీక్షించాను. హార్డ్‌వేరు కొట్టులో దొరికే నాలుగు అయస్కాంతపు క్యాచ్‌లు తెచ్చి మూలల్లో బిగించాను. ఎదురుగా పట్టుకుని లాగితే గట్టిగానే నిలిచాయి; కానీ పలక బరువంతా వాటి మీద వేలాడుతున్నందున మూడో రోజుకు మెల్లగా జారి కిందికి దిగింది. అయస్కాంతం తన వైపు లాక్కునే బలం ఎక్కువ, పక్కకు జారకుండా ఆపే బలం అందులో కొంత మాత్రమే. పలక బరువును కింద ఏదో ఒక గట్టి అంచు మోస్తూ ఉంటే, పైభాగం ముందుకు పడిపోకుండా ఆపడానికి అయస్కాంతం చక్కగా పనికివస్తుంది. ఆ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు నాలుగు క్యాచ్‌లూ ఒక ఆదివారమూ మిగిలేవి.

మేస్త్రి గారు వచ్చి, అర ముందు గొంతుక్కూర్చుని, ఫ్రిజ్‌ను ఒకసారి, ఊడిన స్క్రూలను ఒకసారి చూసి అన్న మాట ఇది: "దీనికి బందులూ వద్దు, స్క్రూలూ వద్దండీ. కొట్టుచెక్క లాగ పెట్టేద్దామండి, ఆయ్." షట్టర్లు రాకముందు మన ఊళ్ళలో కిరాణా కొట్లను నిలువు చెక్కలతో మూసేవారు. చెక్కను ముందు పై గాడిలోకి ఎత్తి, తరువాత కింది గాడిలోకి దింపేవారు. తెల్లవారి మళ్ళీ పైకి ఎత్తి, అడుగు ముందుకు లాగి తీసేవారు. ఇంట్లో షోకేసు అద్దాలు తుడవడానికి ఊడదీసే పద్ధతీ అదే. రహస్యమంతా పై గాడి లోతు ఎక్కువగా, కింది గాడి లోతు తక్కువగా ఉండడంలోనే ఉంది.

ఆయన కొలతలు కాగితం మీద వేసుకోకుండా గోడ మీద పెన్సిలుతో వేశారు. నేను వాటిని రాసిపెట్టుకున్నాను. గాడులు తీసిన పై బద్దకూ కింది బద్దకూ మధ్య ఖాళీ 660 మి.మీ. పై గాడి లోతు 15, కింది గాడి లోతు 6. పలక ఎత్తు 673, అనగా ఖాళీ కంటే 13 ఎక్కువ. పలక తన స్థానంలో కూర్చున్నప్పుడు కింద 6, పైన 7 మి.మీ. గాడిలో ఉంటుంది, పూర్తిగా పైకి ఎత్తినప్పుడు పైన 15 మి.మీ. లోపలికి పోయి, అడుగు కింది గాడి అంచు కంటే 2 మి.మీ. పైకి లేస్తుంది. ఆ రెండు మి.మీ. లేకపోతే తలుపు ఊడదు, అది పదికి పెరిగితే పైన పట్టు చాలక పంపు అదురుకే జారి పడవచ్చు. పలక వంగి బయటికి రావాలి కనుక గాడుల వెడల్పు కూడా పలక మందం కంటే రెండు మి.మీ. ఎక్కువ ఉంచారు. ఇటువంటి పని చేయించేవారు ఈ లెక్కను మేస్త్రితో ముందుగా మాట్లాడుకోవడం మంచిది, ఎందుకంటే పలక కోసిన తరువాత దిద్దడానికి మార్గం ఉండదు.

ఖాళీ ఎంత ఉండాలన్న విషయంలో మాత్రం ఆయనను నేను ఆపవలసి వచ్చింది. ఫిల్టరు గిన్నె కనబడేంత ద్వారం చాలని ఆయన అన్నారు. గిన్నె విప్పడానికి దానికి గుండ్రంగా తగిలించే ప్లాస్టిక్ పానా ఉంటుంది; దాని పిడి తిరగడానికి పక్కన చోటు కావాలి, విప్పిన గిన్నె కిందికి దిగడానికి అడుగున చోటు కావాలి, దానిలోని నీరు పట్టుకోవడానికి ఒక గిన్నె పట్టాలి. చివరకు ఆయన చేతే పానా పట్టించి ఒక చుట్టు తిప్పించాను. వెంటనే ఖాళీని నాలుగు అంగుళాలు కిందికి పెంచారు. పరికరాన్ని కాక, దానిని బాగుచేసే చేతినీ పనిముట్టునూ కొలిచి ద్వారం పెట్టాలన్నది ఈ పనిలో నాకు తెలిసివచ్చిన ముఖ్యమైన విషయం.

పలకకు పన్నెండు మి.మీ. ప్లైవుడ్ వాడారు. దాని మీద ఐఎస్ 710 ముద్ర ఉంది; అది నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు ఇచ్చే ప్రమాణం. సాధారణ ప్లైవుడ్‌కు ఇచ్చే ఐఎస్ 303 ముద్ర ఉన్నది కొంత చవక, హాలులో అల్మరాకు అది చాలు. కానీ రోజూ నేల కడిగే వంటింట్లో, వర్షాకాలమంతా ఉప్పు డబ్బాలో కూడా నీరూరే మా ప్రాంతంలో, సింకు పక్కన దానిని పెట్టించమని నేను ఎవరికీ చెప్పను. బయటి వైపు లామినేట్ అంటించి లోపలి వైపు వదిలేస్తే పలక కాలక్రమంలో విల్లులా వంగుతుంది, వంగిన పలక గాడిలో ఇరుక్కుంటుంది. అందుకని లోపల కూడా పలుచని తెల్ల లామినేట్ వేయించాము. నాలుగు అంచులకూ పట్టీ అంటించారు. మొత్తం బరువు సుమారు మూడు కిలోలు, ఒక్క చేతితో ఎత్తవచ్చు. గాడుల బద్దలు పాత కిటికీ టేకు నుంచి తీసినవి.

ఇక లోపాలు. మొదటి నెలలోనే కింది గాడి ఒక చిన్న కాలువగా తయారైంది. గట్టు తుడిచిన నీరు, అన్నం మెతుకులు, వాటి కోసం వచ్చిన చీమలు అన్నీ అందులోనే చేరాయి. మేస్త్రి గారిని మళ్ళీ పిలిస్తే, విసుగు లేకుండా వచ్చి, కింది బద్ద ముందు అంచును మధ్యలో ఉలితో చెక్కేసి, రెండు మూలల దగ్గర మాత్రం రెండేసి అంగుళాలు ఉంచారు. పలక నిలవడానికి ఆ రెండు ముక్కలే చాలు. ఇప్పుడు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే చెత్త బయటికి వస్తుంది. అంతకు మించిన లాభం ఒకటి అనుకోకుండా కలిగింది: లోపల గొట్టం కారితే నీరు గాడిలో దాగకుండా ముందుకు వచ్చి నేల మీద కనబడుతుంది. పోయిన ఏడాది వాల్వు దగ్గర కారడం మాకు అలాగే తెలిసింది.

రెండవ లోపం పంపు ఆడినప్పుడు వచ్చే చప్పుడు. గాడిలో ఉన్న రెండు మి.మీ. వదులు వల్ల పలక సన్నగా టకటకలాడేది. పై గాడి లోపలి గోడకు పలుచని రబ్బరు పట్టీ అంటించాక చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. రాత్రి నిశ్శబ్దంలో ఇప్పటికీ వినబడుతుంది, వినడానికి అలవాటు పడ్డాము.

పిడి పెట్టవద్దని నేనే అన్నాను, ఫ్రిజ్‌కు వెళ్ళే దారిలో చీర కొంగు తగులుకుంటుందని. దానికి బదులు పలక పై మూడో వంతులో రెండు వేళ్ళు పట్టే రంధ్రాలు రెండు వేశారు. అవి ఎత్తడానికీ లోపలి తేమ బయటికి పోవడానికీ కూడా పనికివస్తున్నాయి. వాటి గుండా బొద్దింకలు దూరుతాయన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు. లోపలి వైపు కొంచెం ఎడంగా స్టీలు జాలీ కొట్టించాను. వేళ్ళకు అడ్డం రాకుండా జాలీని గిన్నెలా వంచవలసి వచ్చింది, ఆ వంపు అందంగా లేదు.

ఖర్చు ప్లైవుడ్, లామినేట్లు, పట్టీ, రబ్బరు కలిపి 1,150 రూపాయలు, కూలి 1,400. రెండోసారి వచ్చి గాడి సరిచేసినందుకు ఏమీ తీసుకోలేదు, కాఫీ మాత్రం పుచ్చుకున్నారు. ఒప్పుకున్న రోజుకు ఎనిమిది రోజులు ఆలస్యంగా మొదలుపెట్టారు, ఫోనుకు కూడా వెంటనే పలకలేదు. పని ఇచ్చేవారు దానికి సిద్ధపడాలి. పని చేసిన రోజున మాత్రం పొట్టు అంతా తానే ఊడ్చి సంచిలో ఎత్తుకుని వెళ్ళారు.

ఇది చూసి మా తోడికోడలు తన ఇంట్లో గ్యాస్ సిలిండరు అరకు కూడా ఇటువంటిదే పెట్టిస్తానన్నప్పుడు వద్దని గట్టిగా చెప్పాను. సిలిండరు అర అప్పుడప్పుడు తెరిచేది కాదు. రెగ్యులేటరు కట్టడానికి రాత్రి ప్రతిరోజూ, వాసన వచ్చినప్పుడు క్షణంలో తెరవవలసినది. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది కనుక కారితే నేల దగ్గరే చేరుతుంది. ఆ అర తలుపుకు అడుగునే గాలి పోయే సందులు ఉండాలి, తలుపు బందుల మీద చేతికి తేలికగా తెరుచుకోవాలి. మోకాళ్ళ నొప్పులతో కిందికి వంగలేనివారు ఒంటరిగా ఉండే ఇంటికి కూడా ఎత్తి తీసే ఈ పద్ధతి తగినది కాదు.

ఐదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిలో సగం చప్పుడుకు, సగం ఆలస్యానికి. పోయిన నెల ఫిల్టరు మార్చడానికి వచ్చిన సర్వీసు కుర్రాడు బందుల కోసం పలక చుట్టూ తడిమి చూసి, "ఇది ఎలా తీయాలండీ?" అని అడిగాడు. పైకి ఎత్తి చూపించాను. పని అయ్యాక తానే పెట్టబోయి తలకిందులుగా పట్టుకున్నాడు గాని, పలక లోపలి వైపు మేస్త్రి గారు పెన్సిలుతో పెద్దగా రాసిన "పై" అన్న అక్షరం చూసి తిప్పి కూర్చోబెట్టాడు.