గ్రాహమ్స్ 1985 వింటేజ్ పోర్ట్ ఎట్లుందంటే

ఇది గ్రాహమ్స్ అనే కంపెనీ చేసిన పోర్ట్, అంటే తియ్యటి ఘాటు వైన్; వింటేజ్ అంటే ఒక్క ఏడాది పంట ద్రాక్షతోనే చేసింది. బావ పోర్చుగల్ నుంచి తెచ్చిండు, హన్మకొండల మా డాబా మీద ఓపెన్ చేసినం. ఆడి డోరో లోయ ద్రాక్షది, పులుస్తుండంగనే స్పిరిట్ కలిపి ఆపేస్తరు, అందుకే తీపి మిగుల్తది, ఆల్కహాల్ 20% దాంక ఉంటది. రెండేండ్లు పీపాల, మిగిలిన వయసంతా సీసాలనే. మడ్డి మస్తుంటది గని ముందురోజే సీసా నిలబెట్టి, పల్చటి గుడ్డల వడగట్టి జగ్గుల పోసినం. రంగు ఇటుక ఎరుపుకు తిరిగింది, అంచుల తేనె రంగు. వాసనేమో ఎండు అంజీర్, లవంగం, కొంచెం పొగాకు. ఫస్ట్ గుక్కల ఘాటు తగిలింది గని గంట ఆగినంక మెత్తగైంది, రుచి నోట్ల చానాసేపు ఉన్నది, సూపర్ అసలు. ఐస్ అడిగినోన్ని బావ తిట్టిండు, కరెక్టే. ఎండాకాలమైతే అరగంట ఫ్రిజ్‌ల పెట్టుండ్రి. పల్లిపట్టితోని మంచిగ కుదిరింది, కారం మిక్చర్‌తోని అస్సలు సెట్ కాలే.