ఇంగ్లండ్‌లో ఫ్లాటు లీజు పొడిగింపు: మాట్లాడుకోవడమా, నోటీసు ఇవ్వడమా, ఆగడమా?

మన దగ్గర ఫ్లాటు కొంటే స్థలంలో మన వాటా ఎన్ని గజాలో రిజిస్ట్రేషన్ కాగితాల్లోనే రాసి ఉంటుంది. ఆ అలవాటుతో ఇంగ్లండ్‌లో ఫ్లాటు కొన్న మనవాళ్ళు చాలామంది, కొన్నేళ్ళ తర్వాత రీమార్ట్‌గేజ్‌కు (ఇంటి అప్పును కొత్త షరతులకో వేరే బ్యాంకుకో మార్చుకోవడానికి) వెళ్ళినప్పుడు "మీ లీజు తగ్గిపోతోంది" అన్న మాట మొదటిసారి వింటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఫ్లాట్లు ఎక్కువగా లీజ్‌హోల్డే. మనం కొన్నది 99 ఏళ్ళకో 125 ఏళ్ళకో ఆ ఇంటి మీద హక్కు మాత్రమే. నేల, భవనం అసలు యజమానివి, ఆయన్నే ఫ్రీహోల్డర్ అంటారు. లీజు తగ్గేకొద్దీ ఫ్లాటు విలువ తగ్గుతుంది, అప్పిచ్చే బ్యాంకులూ తగ్గుతాయి.

కాబట్టి ముందు లీజు కాగితం తీసి చూడండి. మీరు కొన్న తేదీ కాదు, లీజు మొదలైన తేదీ కావాలి. 2007లో 99 ఏళ్ళకు రాసిన లీజైతే 2026లో మిగిలేది 80 ఏళ్ళే. ఆ 80 దగ్గరే అసలు లెక్క మారిపోతుంది.

లీజు పొడిగిస్తే ఫ్లాటు విలువ పెరుగుతుంది కదా. ఆ పెరుగుదలలో ఫ్రీహోల్డర్‌కు కూడా భాగం ఇవ్వాలని చట్టం అంటుంది. దాని పేరు మారేజ్ వాల్యూ. లీజు పొడిగించమని ఫ్రీహోల్డర్‌కు నోటీసు ఇచ్చే రోజుకు లీజు 80 ఏళ్ళకు పైన ఒక్క రోజు మిగిలి ఉన్నా ఇది సున్నా. అంతకు తగ్గితే అందులో సగం కట్టాలి. ఉదాహరణకు లీజు 75 ఏళ్ళు మిగిలిన ఫ్లాటు ఇప్పుడు 2,76,000 పౌండ్లు పలుకుతోంది, పొడిగించాక 3,00,000 పలుకుతుంది అనుకుందాం. పొడిగింపు వల్ల ఫ్రీహోల్డర్ పోగొట్టుకునే హక్కు విలువ 10,000. పెరిగిన 24,000లో అది తీసేస్తే మిగిలిన 14,000 మారేజ్ వాల్యూ, అందులో సగం 7,000. ఆ 10,000తో కలిపి మొత్తం 17,000 పౌండ్లు కట్టాలి. ఆ 7,000 కేవలం ఆలస్యానికి కట్టే డబ్బు.

ఇక దారులు. మొదటిది ఫ్రీహోల్డర్‌తో నేరుగా బేరం. రెండోది లీజు పొడిగించుకునే హక్కునిచ్చే 1993 చట్టం కింద, సెక్షన్ 42 ప్రకారం నోటీసు.

బేరం మొదట్లో తేలిగ్గా కనిపిస్తుంది. నోటీసుల గొడవ లేదు, రెండు ఉత్తరాలతో పని అయిపోతుంది, సొలిసిటర్ (ఆస్తి కాగితాలు చూసే లాయరు) ఖర్చు కూడా తక్కువే అనిపిస్తుంది. రెడింగ్‌లో ఉండే మా అన్నయ్య, వదిన అలాగే అనుకున్నారు. లీజు 80 ఏళ్ళ 7 నెలలు మిగిలి ఉండగా వాళ్ళ ఫ్రీహోల్డర్ ఏజెంట్ల నుంచి ఉత్తరం వచ్చింది. 9,500 పౌండ్లు కడితే లీజు మళ్ళీ 125 ఏళ్ళు చేస్తాం, గ్రౌండ్ రెంట్ (నేలకు ఫ్రీహోల్డర్‌కు కట్టే అద్దె) ఇప్పుడున్నట్టే ఉంటుంది అని. ధర బాగానే ఉందని వీళ్ళు ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఒక కాగితానికి ఆరు వారాలు, ఒక ఫోనుకు మూడు వారాలు. ఎనిమిది నెలలు గడిచాయి. లీజు 80 కిందికి వెళ్ళిన తర్వాతి ఉత్తరంలో ధర 17,000 అయింది. ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా ఏ పక్షమైనా మాట మార్చుకోవచ్చు కాబట్టి అడగడానికి ఏమీ మిగల్లేదు. "టెన్షన్‌తో ఆ నెలంతా నిద్ర లేదు" అని వదిన ఇప్పటికీ అంటుంది.

ఆ ధర సంగతి పక్కన పెట్టినా, ఇచ్చేది ఏమిటో చూడండి. 125 ఏళ్ళు అంటే అన్నయ్య వాళ్ళకు కలిసేది దాదాపు 45 ఏళ్ళే. నోటీసు దారిలో ఉన్న లీజుకు 90 ఏళ్ళు కలుస్తాయి, అంటే 170 దాకా వెళ్ళేది. పైగా గ్రౌండ్ రెంట్ సున్నా అవుతుంది. బేరంలో మాత్రం పాత లీజు కాలం ముగిసేదాకా పాత గ్రౌండ్ రెంట్‌ను అలాగే ఉంచుకునే వీలు ఫ్రీహోల్డర్‌కు ఉంది. గ్రౌండ్ రెంట్ మీద వచ్చిన 2022 చట్టం కొత్తగా కలిపిన ఏళ్ళకే దాన్ని తీసేసింది. పాత లీజులో గ్రౌండ్ రెంట్ కొన్నేళ్ళకోసారి రెట్టింపయ్యే షరతు ఉంటే అది చాలా పెద్ద మొత్తం. బేరంలో వచ్చే కొత్త లీజులో అద్దెకిచ్చినందుకు ఫీజు లాంటి కొత్త షరతులు చేరుతున్నాయేమో కూడా చదవాలి.

నోటీసు దారిలో ఖర్చు ఉంది, అది దాచను. మీ సొలిసిటర్, ధర లెక్క కట్టే మీ సర్వేయర్ ఫీజులతో పాటు ఫ్రీహోల్డర్ తరఫు సహేతుకమైన ఖర్చులూ మీవే. ఆయన అడిగితే మీరు ప్రతిపాదించిన మొత్తంలో 10 శాతం డిపాజిట్ కట్టాలి. కానీ నోటీసు అందిన రోజున లెక్క ఆగిపోతుంది. ఆ తర్వాత ఎన్ని నెలలు సాగినా ఆ రోజు మిగిలిన ఏళ్ళే ప్రమాణం. ఫ్రీహోల్డర్ జవాబివ్వడానికి నోటీసులో కనీసం రెండు నెలల గడువివ్వాలి. ధర దగ్గర ఒప్పందం కుదరకపోతే ట్రిబ్యునల్ (ఇలాంటి తగాదాలు చూసే కోర్టు లాంటిది) తేలుస్తుంది. అక్కడికి వెళ్ళడానికి గడువులు ఉన్నాయి, దాటితే నోటీసు పోతుంది, మళ్ళీ ఇవ్వాలంటే 12 నెలలు ఆగాలి. అందుకే ఇందులో అనుభవమున్న సొలిసిటర్‌నే పట్టుకోవాలి. ఇల్లు కొన్నప్పుడు పనిచేసినవారు అందరికీ ఇది రాదు. లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉచితంగా సలహా ఇస్తుంది, ముందు వాళ్ళతో మాట్లాడండి. ఫ్లాటు కొని రెండేళ్ళయితేనే నోటీసు ఇవ్వాలన్న పాత నిబంధన కూడా 2025 జనవరి 31 నుంచి లేదు.

ఒకే భవనంలో పొరుగువాళ్ళు కలిసొస్తే మూడో దారి ఉంది, ఫ్రీహోల్డ్‌నే కొనేయడం. కనీసం సగం ఫ్లాట్లవాళ్ళు చేరాలి. పనైతే 999 ఏళ్ళ లీజు మీకు మీరే రాసుకోవచ్చు. నాలుగైదు ఫ్లాట్ల భవనమైతే తప్పక ప్రయత్నించండి. పెద్ద బ్లాకుల్లో అందరినీ ఒక దగ్గరికి తేవడానికే ఏడాది పడుతుంది.

మరి ఆగితే? లీజు నిబంధనలను మార్చే 2024 చట్టం 990 ఏళ్ళ పొడిగింపు ఇస్తుంది, మారేజ్ వాల్యూను తీసేస్తుంది. 2025 అక్టోబరులో ఫ్రీహోల్డర్ల సవాలును హైకోర్టు కొట్టేసింది కూడా. కానీ నేను ఇది రాసే నాటికి ఆ రెండు భాగాలూ అమల్లోకి రాలేదు. లీజు 95 ఏళ్ళున్నవాళ్ళు నిశ్చింతగా ఆగొచ్చు. ఇప్పటికే 80 కిందికి వెళ్ళి, ఇప్పట్లో అమ్మే ఉద్దేశం లేనివాళ్ళకూ ఆగడంలో అర్థం ఉంది. అమ్మాలన్నా, బ్యాంకు మార్చాలన్నా మాత్రం ఆగలేరు. 81, 82 దగ్గరున్నవాళ్ళు చట్టం కోసం ఎదురుచూడకండి, ఈ నెలలోనే సర్వేయర్‌ను పిలవండి. ఇప్పుడు అన్నయ్య వాళ్ళు 79 దగ్గర నిలబడి, 17,000 కట్టాలా, కొత్త చట్టం కోసం చూడాలా అని ప్రతి ఆదివారం లెక్కలు వేసుకుంటున్నారు.