కాశ్మీర్‌ గుల్‌మర్గ్‌ల స్కీయర్ల షూటింగ్: పాలమూరు నుంచి పోయొచ్చిన 14 రోజులు

నేను మహబూబ్‌నగర్‌ల పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు వీడియో తీస్త, పదకొండేండ్లయితుంది. ఢిల్లీల ఎడిటింగ్ చేసే దోస్తు ఒకడు డిసెంబర్‌ల ఫోన్ చేసిండు, ఫ్రీస్కీయింగ్ మీద చిన్న డాక్యుమెంటరీ తీస్తున్నం, లాంగ్ లెన్స్ పట్టేటోడు కావాలె, వస్తవా అని. స్కీయింగ్ అంటే కాళ్ళకు పొడుగు పలకలు కట్టుకొని మంచు మీద జారుడు, ఫ్రీస్కీయింగ్ అంటే జెండాల మధ్యల నుంచి పోయే రేసు కాదు, మెషిన్లతోని చదును చేసిన దారి కాదు. ఎవ్వరూ కాలు పెట్టని కొండ, రాత్రి పడ్డ మంచు, ఎక్కడి నుంచి దిగాలె, ఏ రాయి మీద నుంచి దూకాలె అన్నది స్కీయరే చూసుకుంటడు, ఆ దిగే దారిని లైన్ అంటరు. ముగ్గురు ప్రొఫెషనల్ స్కీయర్లు, ఇద్దరు కాశ్మీర్ వాళ్ళు, ఒకరు హిమాచల్. వాళ్ళ వెనక స్కీ చేసుకుంట తీసే ఫాలో కెమెరాకు వేరే మనిషి ఉన్నడు, నా పని ఎదురు కొండ మీద కూర్చొని దూరం నుంచి పట్టుకునుడు.

ఒప్పుకున్న గాని లోపల భయమే, మంచు టీవీల తప్ప చూడలే. పెళ్ళిల మనుషులు మెల్లగ నడుస్తరు, ఇక్కడ మనిషి గంటకు 70, 80 కిలోమీటర్ల స్పీడుతోని కిందికి వస్తడు, ఫ్రేమ్‌ల నుంచి జారితే మళ్ళ దొరకడు. అందుకని మా మేనమామ వాళ్ళ ఊర్లె బాయి కాడికి పోయిన. అక్కడ పిల్లలు పైనుంచి దూకుతుంటరు కదా, ఒడ్డు మీద నుంచి నీళ్ళల్ల పడేదాక ఒక్కొక్కన్ని లెన్స్‌తోని పట్టుకుంట మూడు రోజులు ప్రాక్టీస్ చేసిన, మొదటి రోజు పదిల రెండు కూడ సరిగ్గ రాలే, మూడో రోజు ఏడెనిమిది వచ్చినయ్. తాడు, హార్నెస్ (తాడుకు తగిలించుకునే నడుము పట్టీ) అలవాటు కావాలని భువనగిరి గుట్ట కాడ రెండ్రోజులు రాక్ క్లైంబింగ్ బేసిక్స్ నేర్చుకున్న. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కకముందు ట్రైనింగ్ మొదలైంది ఆ గుట్ట మీదనే, ఆ బండను చేత్తోని ముట్టుకుంటే ధైర్యం వచ్చింది, నిజంగ. మన దగ్గర నుంచి ఇసొంటి పనికి పోవాలనుకునేటోళ్ళు భువనగిరిని తక్కువ అంచనా వెయ్యకండి, ముడి వెయ్యుడు, భయమైనప్పుడు ఊపిరి తీసుకునుడు అక్కడ నేర్చుకున్నయే నాకు 3,000 మీటర్ల మీద అక్కరకొచ్చినయ్.

ప్లేస్ గురించి ముందు చాన మాట్లాడుకున్నం. ఉత్తరాఖండ్‌ల ఔలీ అందంగ ఉంటది గాని 2023 జనవరిల జోషిమఠ్ కాడ నేల కుంగినప్పుడు రోప్‌వే ఆపేసిన్రు, సామానంత రోడ్డు మీదికెళ్ళి ఎక్కియ్యాలె. మనాలి దిక్కు సొలంగ్‌ల టూరిస్టుల గుంపు, నిజమైన కొండలు కావాలంటే హెలికాప్టర్ లేదా గంటలు గంటలు నడుచుకుంట ఎక్కుడు, మా బడ్జెట్‌కు రెండూ కుదరవు. గుల్‌మర్గ్‌ల గొండోలా, అంటే తీగ మీద పోయే కేబుల్ కార్, రెండు ఫేజులు, ఊరు 2,650 మీటర్ల మీద ఉంటే మొదటి ఫేజ్ కొంగ్‌దోరి దాక, రెండోది అఫర్‌వత్ కొండ భుజం మీదికి, అంటే 4,000 మీటర్లకు దగ్గర. గొండోలా దిగి కొంచెం పక్కకు జరిగితే చాలు, అంత ఎవ్వరూ చదును చెయ్యని కొండే. ఇంత తేలికగ ఇంత పైకి పోయే చోటు మన దేశంల నాకు తెలిసి ఇంకోటి లేదు. మా మహబూబ్‌నగర్ 500 మీటర్ల ఎత్తు, ఒక్క రోజుల అంత పైకి పోతే తల పగిలిపోతది, మొదటి రెండు రోజులు ఊర్లెనే నడుచుకుంట, నీళ్ళు తాగుకుంట ఉన్నం, అది మంచి పని అయింది.

పోయేటప్పుడు శంషాబాద్ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి శ్రీనగర్. మా జడ్చర్ల మీదికెళ్ళి పోయే 44 నంబర్ హైవే మొదలయ్యేది శ్రీనగర్‌లనే, ఆ బోర్డు చూడంగనే ఇంటి పక్క రోడ్డు కనవడ్డట్టయింది. కెమెరా బ్యాటరీలు అన్నీ చేతి బ్యాగుల పెట్టుకోవాలె, చెక్-ఇన్‌ల వెయ్యనియ్యరు, 100 వాట్ అవర్ దాటినయ్ ఉంటే ఎయిర్‌లైన్‌ను ముందే అడగాలె. ప్రీపెయిడ్ సిమ్ మనది అక్కడ పనిచెయ్యదు, పోయే ముందే పోస్ట్‌పెయిడ్ చేసుకోండి, మా అసిస్టెంట్ పిలగాడు మర్చిపోయిండు, పద్నాలుగు రోజులు నా ఫోన్ నుంచే వాళ్ళమ్మతోని మాట్లాడిండు. డ్రోన్ సంగతి కూడ చెప్త, గుల్‌మర్గ్ ఎల్‌ఓసీకి, అంటే పాకిస్తాన్ దిక్కు నియంత్రణ రేఖకు దగ్గర, రాతపూర్వకంగ పర్మిషన్ లేకుంట డ్రోన్ బయటికి తియ్యొద్దు. మేము ఆలస్యంగ అప్లై చేసినం, పోయే నాటికి రాలే, ఇంట్లనే పెట్టేసి పోయినం. దొంగతనంగ తీద్దాం అనేటోళ్ళు దొరుకుతరు, వినకండి, మీతోని ఉన్న లోకల్ వాళ్ళు ఇరుక్కుంటరు.

శ్రీనగర్ నుంచి గుల్‌మర్గ్ 50 కిలోమీటర్లు, టంగ్‌మర్గ్ దాక మామూలు రోడ్డు, అక్కడి నుంచి పైకి 13 కిలోమీటర్ల ఘాటు. మంచు పడితే ఆ ఘాటుకు ఫోర్ బై ఫోర్ కావాలె, లేకుంటే టైర్లకు చైన్లు. మేము మాట్లాడుకున్న టాక్సీ ఆయన చైన్లు ఉన్నయన్నడు, తీరా టంగ్‌మర్గ్ కాడ డిక్కీ తెరిస్తే లేవు, రెండు గంటలు రోడ్డు మీద సామాను పెట్టుకొని నిలవడ్డం. బండి ఎక్కేముందే చైన్లు కండ్లతోని చూడాలె, మాట మీద నమ్మొద్దు.

ఇగ రూముల సంగతి, ఇది జర వివరంగ చెప్త ఎందుకంటే మా పైసలు ఎక్కువ పోయింది ఇక్కడనే. మొదటి నాలుగు రోజులు గొండోలా కాడికి నడిచిపోయేటంత దగ్గర హోటల్ తీసుకున్నం, రోజుకు 9,000. కిటికీల నుంచి కొండ మొత్తం కనవడ్తది, బాగుంది. సెంట్రల్ హీటింగ్ అన్నరు గాని రాత్రి పదకొండుకు బందు పెట్టి తెల్లారి ఆరుకు వేస్తరు, బయట మైనస్ పది, లోపల పండ్లు కటకటమంటున్నయ్, చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు కూడ సల్లబడినయ్. రిసెప్షన్‌ల అడిగితే జనరేటర్ డీజిల్ అన్నరు. బుక్ చేసేటప్పుడు హీటింగ్ ఉన్నదా అని కాదు, ఏ టైం నుంచి ఏ టైం దాక అని అడగాలె.

తర్వాత టంగ్‌మర్గ్‌ల ఒక ఇంట్ల రెండు రూములు తీసుకున్నం, తిండితోని కలిపి మనిషికి 1,800. రూముల బుఖారీ ఉంటది, కట్టెల పొయ్యి లాంటిది, పొగ గొట్టం పైకి పోతది, అది రాత్రంత సల్లారదు. ఆ ఇంటి పెద్దమ్మ పొద్దుగాల నూన్ చాయ్ ఇచ్చేది, ఉప్పు చాయ్, మొదటి రోజు తాగలేకపోయిన, ఐదో రోజు నేనే అడిగి పోయించుకున్న. ఇంకో మంచి మాట, కాశ్మీరీలు మనలాగనే అన్నం తినేటోళ్ళు. హాఖ్ అని ఆకుకూర వండుతరు, పల్చగ, మిరపకాయలేసి, మా అమ్మ చేసే ఆకుకూర పులుసు గుర్తొచ్చి రెండుసార్లు పెట్టించుకున్న. మేము సంక్రాంతికి చేసిన సకినాలు, అప్పాలు డబ్బాల తీసుకపోయినం, పెద్దమ్మ మనవళ్ళు మూడు రోజుల్ల ఖాళీ చేసిన్రు. ఆ పిల్లలకు స్కీయర్ ఆరిఫ్ ఖాన్ అంటే ప్రాణం, 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు ఇండియా నుంచి పోయిన ఒక్కడు ఆ ప్రాంతం మనిషే మరి.

అయితే టంగ్‌మర్గ్‌తోని ఒక చిక్కుంది. మనకు కావాల్సింది కొత్త మంచు, కొత్త మంచు పడ్డ పొద్దుగాల ఆ 13 కిలోమీటర్ల ఘాటు క్లియర్ అయ్యేదాక బండ్లు వదలరు. ఒక రోజు అట్లనే పదకొండున్నరకు పైకి చేరినం, అప్పటికే వేరే స్కీయర్లు కొండ మీద గీతలు గీసేసిన్రు. పైగా అఫర్‌వత్ ముఖం మీద ఎండ పొద్దుగాలనే, మధ్యాహ్నం దాటితే సూర్యుడు కొండ వెనకకు పోతడు, మంచు మీద నీడ పడితే ఎత్తుపల్లాలు కనవడయ్, ఫుటేజ్ తెల్ల గోడ లెక్క వస్తది. అందుకని మాకు అర్థమైంది ఏందంటే మామూలు రోజులు కింద టంగ్‌మర్గ్‌ల ఉండాలె, ఫోర్‌కాస్ట్‌ల మంచు ఉన్న సాయంత్రం సామాను కట్టుకొని పైకి పోయి ఒక రాత్రి గుల్‌మర్గ్‌ల పడుకోవాలె. ఆఖరి వారం అట్లనే చేసినం, రెండు మంచి పొద్దుగాలలు దొరికినయ్.

గైడ్ గురించి చెప్పకుంటే ఈ రాసుడే దండగ. మేము మొదలు తక్కువకు వస్తనన్న ఒకాయన్ని పెట్టుకున్నం, ఎక్కడికంటే అక్కడికి తీస్కపోత అన్నడు. మా స్కీయర్లు రెండో రోజే ఆయన్ని మార్చమన్నరు, ఏది అడిగినా సరే అనే గైడ్ మాకొద్దు అన్నరు. తర్వాత వచ్చిన అన్న యాభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడడు, రోజుకు 3,000 ఎక్కువ. మొదటి రోజే మా అందరి ట్రాన్సీవర్లు చెక్ చేసిండు, మంచుల కూరుకపోతే ఆ మిషన్ 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ ఇస్తది, మిగతావాళ్ళు దాన్ని పట్టుకొని వెతుకుతరు. అద్దె షాపుల నాకిచ్చినదాంట్ల బ్యాటరీ 30 శాతం కూడ లేదు, సెల్‌ల కాడ తుప్పు పట్టి పచ్చగ ఉంది. అన్న అది చూసి ఏం మాట్లాడకుంట తన సంచిల నుంచి ఇంకోటి తీసి నా ఛాతికి కట్టిండు, ఫోన్, గోప్రో దానికి 20 సెంటీమీటర్లన్న దూరం పెట్టు, వెతికేటప్పుడు 50 అన్నడు, లేకుంటే సిగ్నల్ చెడుతదట. కెమెరావాళ్ళు జేబుల నిండ ఎలక్ట్రానిక్స్ పెట్టుకుంటరు, ఇది మనకే ముఖ్యం. కొండ మీద నుంచి ఒక్కసారి జారిపడే మంచు (అవలాంచ్) కింద పడ్డ మనిషిని మొదటి పదిహేను నిమిషాల్ల తియ్యాలె, ఆ తర్వాత ఊపిరి మీద ఆశ జల్ది తగ్గుతది. ఉత్త మాట కాదిది, 2023 ఫిబ్రవరి 1న అదే అఫర్‌వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు అట్లనే చచ్చిపోయిన్రు, 2024 ఫిబ్రవరి 22న గుల్‌మర్గ్‌లనే ఒక రష్యా ఆయన.

ఆరో రోజు ఒక వాలు మీదికి పోతున్నం, ఎండ, నీలం ఆకాశం, స్కీయర్లు తయారు. మంచుల దిగబడకుంట కాళ్ళకు కట్టుకునే నా స్నోషూ కింద నుంచి ఊఫ్ మని శబ్దమొచ్చింది, లోపల ఏదో కూలినట్టు, కాళ్ళ కింద నేల ఒక అంగుళం దిగింది. అన్న చెయ్యి ఎత్తిండు, అందరం ఆగినం. వాపస్, అన్నడు అంతే. చలి ఎక్కువుండి మంచు పడని రోజుల్ల కింది పొర చక్కెర లెక్క గింజలు గింజలు అయితదంట, దాని మీద కొత్త మంచు గట్టిగ కూసుంటది. నేను మనసుల అనుకున్న, జొన్నలు పరిచి మీద తాండూరు బండ పెట్టి ఒక పక్క ఎత్తితే ఎట్ల జారుతదో అట్ల. 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉంటే ఇగ ఆగదు, స్కీయర్లకు నచ్చేవి కూడ సరిగ్గ ఆ వాలులే. ఆ రోజు ఒక్క షాట్ లేదు, ఒక రోజు ఖర్చు మొత్తం పోయింది, ప్రొడ్యూసర్ మొఖం చిన్నగైంది, స్కీయర్లు మాత్రం అన్నను కౌగిలించుకున్నరు. ఆ మూడు వేలు ఎందుకు ఎక్కువో నాకు అప్పుడు తెలిసింది.

పదకొండో రోజు దొరికింది అసలు షాట్. ముందు రాత్రి పైననే ఉన్నం, తెల్లారి చూస్తే మోకాళ్ళ లోతు కొత్త మంచు. రెండో ఫేజ్ వెంటనే తెరవరు, కొండ మీద కాపలా చూసే స్కీ పట్రోల్ వాళ్ళు కొండ చూసి సరే అన్నాకనే, గాలి ఎక్కువున్నా ఆపుతరు, దానికి విసుక్కోవద్దు. నేను కొంగ్‌దోరి నుంచి అన్న తమ్మునితోని స్నోషూల మీద పక్క గట్టుకు పోయి 100-400 లెన్స్ పెట్టుకొని కూసున్న. నాలుగు గంటలు. పల్చటి గ్లోవ్ లోపల, మందంది పైన, ఫోకస్ తిప్పేటప్పుడు పైది తీసుడు, మళ్ళ వేసుకునుడు. మంచును కెమెరా బూడిద రంగుల చూపిస్తది, మనం ఎక్స్‌పోజర్ (వెలుతురు) ఒకటిన్నర స్టాప్ పైకి ఎత్తాలె, తెల్ల పంచె కట్టిన పెళ్ళికొడుకును ఎండల తీసినట్టే. స్పేర్ బ్యాటరీలు బనీను కాడ, ఒంటికి తగిలేటట్టు, బయట పెడితే అరగంటల సగానికి పడిపోతయ్.

రేడియోల మూడు, రెండు, ఒకటి అన్నరు. పైన గట్టు మీద ఒక నల్ల చుక్క కదిలింది. మొదటి మలుపుకు మంచు మనిషి నెత్తి దాక లేచింది, వెనక పొగ లెక్క ఎండల మెరుసుకుంట, రెండో మలుపు, రాయి, దూకిండు, గాలిల రెండు సెకన్లు, నా చెయ్యి బాయి కాడ తిరిగినట్టే తిరిగింది, పడ్డడు, మంచుల మాయమైండు, మళ్ళ బయటికొచ్చిండు. మొత్తం పద్నాలుగు సెకన్లు. ఎక్కడ ఫ్రేమ్ విడువలే. నా పక్కన కూసున్న అన్న తమ్ముడు అల్లా అని నా భుజం పట్టుకున్నడు, నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయ్, అద్దాల లోపల గడ్డకట్టినయ్.

సాయంత్రం రూముకు వచ్చే ముందు బయటనే కెమెరాను జిప్ కవర్ల పెట్టి మూసి లోపలికి తేవాలె, గంటన్నర తెరవొద్దు, వెచ్చటి రూముల తెరిస్తే లెన్స్ లోపల చెమ్మ పడతది. మాతోని వచ్చిన ఇంకో కెమెరా ఆయన ఆగలేక తెరిచిండు, తెల్లారి దాక ఆ లెన్స్ పనిచెయ్యలే.

వచ్చినంక మేనమామ ఊరికి పోయి బాయి కాడి పిల్లలకు ఫోన్‌ల చూపిచ్చిన. ఒకడు ఆరుసార్లు చూసి, అన్నా ఆయన కూడ ముక్కు మూసుకొనే దూకిండా అని అడిగిండు. వచ్చే ఫిబ్రవరికి మళ్ళ పిలిచిన్రు, టంగ్‌మర్గ్ పెద్దమ్మకు ఫోన్ చేసి రెండు రూములు చెప్పి పెట్టిన, అన్నకు అడ్వాన్స్ పంపిన, డ్రోన్ పర్మిషన్ అర్జీ ఈసారి దసరాకు ముందే పెడుతున్నం.